పదేళ్ళ లీజు, పదేళ్ళ అప్పు: చైన్ రెస్టారెంటు భవనం కొనవచ్చా?

ప్రశ్న: మేము ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాం. ప్రస్తుతం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్థిరపడ్డాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం, పౌరసత్వం వచ్చింది. నాకు 51, మావారికి 55. మరో ఏడెనిమిదేళ్ళలో ఉద్యోగాలు మానేసి అద్దెల మీద బతకాలని ఆలోచన. మా ఇంటికి మూడు గంటల దూరంలో, ఒక చిన్న పట్టణంలో, పేరున్న ఫ్రైడ్ చికెన్ చైన్ రెస్టారెంటు నడుస్తున్న భవనం అమ్మకానికి వచ్చింది. ధర 24 లక్షల డాలర్లు, ఏడాదికి అద్దె లక్షా 50 వేలు. ట్రిపుల్ నెట్ లీజు, 20 ఏళ్ళలో ఇంకా పదేళ్ళు మిగిలి ఉంది. అద్దె అయిదేళ్ళకోసారి 10 శాతం పెరుగుతుంది, ఈ ఏడాదే పెరిగింది. బ్యాంకు 15 లక్షలు ఇస్తానంటోంది: వడ్డీ 6.75 శాతం, వాయిదాలు 25 ఏళ్ళ లెక్కన, పదేళ్ళకు మిగిలిన అసలు ఒకేసారి తీర్చాలి. మిగతా 9 లక్షల్లో సగం మా పొదుపు. మరో సగం కోసం శంకర్‌పల్లి దగ్గర 2008లో కొన్న స్థలం అమ్ముదామని మావారు అంటున్నారు. 1031 కింద పన్ను వాయిదా పడుతుందని ఆయన స్నేహితుడు చెప్పారట. 50 వేల డాలర్లు బయానా కట్టాం. పరిశీలనకు 30 రోజుల గడువుంది, అందులో తొమ్మిది రోజులు గడిచాయి. బ్రాండు పెద్దది కాబట్టి భయం లేదని, మేము చేయాల్సిన పనే ఉండదని బ్రోకరు చెబుతున్నారు. నాకెందుకో మనసు ఒప్పడం లేదు. లీజు సారాంశం, బ్యాంకు పత్రం, బ్రోకరు పంపిన కాగితం జతపరిచాను. మీ సలహా చెప్పండి.

- ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం: అమ్మా, మీ మనసు ఒప్పకపోవడానికి బలమైన కారణమే ఉంది. అది మీరు పంపిన కాగితాల్లోనే, రెండు వేర్వేరు పేజీల్లో ఉంది. లీజు సారాంశంలో గడువు ముగిసే తేదీ చూడండి. బ్యాంకు పత్రంలో అప్పు తీర్చాల్సిన తేదీ చూడండి. రెండూ ఒకే ఏడాదిలో పడుతున్నాయి. మీ చేతిలో లీజు లేని రోజున బ్యాంకు వచ్చి మిగిలిన అసలు అడుగుతుంది. మీ వాయిదాల ప్రకారం పదేళ్ళ తరువాత కూడా ఇంకా 11 లక్షల 71 వేల డాలర్లు బాకీ ఉంటుంది. అప్పటికి మీకు 61, మీవారికి 65. ఉద్యోగాలు మానేసి రెండు మూడేళ్ళవుతుంది. నేను పదిహేనేళ్ళు ఒక బ్యాంకులో వాణిజ్య ఆస్తుల అప్పులు చూశాను. ఆర్నెల్లలో లీజు ముగిసే ఒంటరి రెస్టారెంటు భవనం మీద, జీతం లేని దంపతులకు కొత్త అప్పు ఇవ్వమని పై అధికారులకు సిఫారసు చేసే ధైర్యం నాకైతే ఎన్నడూ లేదు.

ఈ ధరకు, ఈ అప్పుతో ఈ భవనం కొనవద్దని నా సలహా. ఎందుకో వివరంగా చెబుతాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళకు ఇలాంటి బేరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. మీకు చెప్పే మాట వారికీ పనికిరావచ్చు.

ట్రిపుల్ నెట్ అంటే మన ఊళ్ళో పొలం కౌలుకిచ్చినట్టే. ఏడాదికింత అని కౌలు మాట్లాడుకుంటాం. ఎరువులు, కూలీలు, నీళ్ళ బాధ అంతా కౌలుదారుడిది. ఇక్కడ ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు మూడూ అద్దెకున్నవారే భరిస్తారు. యజమానికి నికరంగా అద్దె చేతికొస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, చాలా మంచి పద్ధతి. 1969లో విలియం, జోన్ క్లార్క్ అనే దంపతులు కాలిఫోర్నియాలో ఒక టాకో బెల్ భవనంతో మొదలుపెట్టిన రియల్టీ ఇన్‌కమ్ సంస్థ ఇప్పటికీ ఇదే పని చేస్తోంది. అయితే పొలానికీ దీనికీ ఒక తేడా ఉంది. కౌలుదారుడు వెళ్ళిపోతే పొలం పొలంగానే ఉంటుంది, వచ్చే తొలకరికి ఇంకొకరు వస్తారు. చికెన్ వేయించడానికి కట్టిన భవనం ఆ ఒక్క వ్యాపారానికి కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. అమెరికా చిన్న పట్టణాల్లో ఎర్ర కప్పు, వాలు కిటికీల భవనంలో ఎవరు ఏ దుకాణం పెట్టినా, ఒకప్పుడది పిజ్జా హట్ అని దారిన పోయేవారు ఇట్టే చెప్పేస్తారు. అందుకే కౌలుదారుడు ఎవరన్నది పొలం కంటే ఇక్కడ ఎన్నో రెట్లు ముఖ్యం.

మరి మీ కౌలుదారుడు ఎవరు? మీ ఉత్తరంలో బ్రాండు మాటే ఉంది, బ్రోకరు పంపిన రంగుల కాగితం మీదా ఆ బ్రాండు పేరే పెద్ద అక్షరాల్లో ఉంది. లీజు మీద మాత్రం ఆ పేరు లేదు. అక్కడ సంతకం పెట్టింది, బ్రాండు పేరు వాడుకునే అనుమతితో పదకొండు రెస్టారెంట్లు నడుపుతున్న ఒక ఫ్రాంచైజీ కంపెనీ. పూచీ ఇచ్చింది కూడా అదే. అద్దె ఆగిపోతే బ్రాండు అసలు సంస్థను ఒక్క డాలరు అడిగే హక్కు మీకుండదు. ఈ తేడా ఎంత దూరం వెళుతుందో 2020లో చూశాం. పిజ్జా హట్ పేరుతో అమెరికాలో 1,200కు పైగా దుకాణాలు నడిపిన ఎన్‌పీసీ ఇంటర్నేషనల్ ఆ ఏడాది జూలై 1న దివాలా రక్షణ కోరింది. బ్రాండు యజమాని యమ్ బ్రాండ్స్ మాత్రం దివాలా తీయలేదు. మూతపడిన సుమారు 300 దుకాణాల భవన యజమానుల్లో, తాము పిజ్జా హట్‌కే అద్దెకిచ్చామని నమ్మినవారు ఎందరో ఉండి ఉంటారు. 1,200 దుకాణాలున్న కంపెనీకే ఆ గతి పడితే, పదకొండింటి యజమాని ఆర్థిక స్థితిని మీరు ఎంత జాగ్రత్తగా చూడాలి? కనీసం మూడేళ్ళ లెక్కల పత్రాలు అడగండి. ఇవ్వనంటే అదే మీకు సమాధానం.

దివాలా చట్టం కూడా కొంచెం తెలుసుకోవాలి. అద్దెకున్న కంపెనీ చాప్టర్ 11 కింద కోర్టుకు వెళితే, ప్రతి లీజునూ ఉంచుకోవాలో వదులుకోవాలో అదే నిర్ణయించుకోవచ్చు. లాభం వచ్చే చోట ఉంచుకుంటుంది, రాని చోట తాళాలు మీ చేతిలో పెడుతుంది. మిగిలిన పదేళ్ళ అద్దె మొత్తం అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఒక ఏడాది అద్దె, లేదా మిగిలిన గడువులో 15 శాతం, ఏది ఎక్కువైతే అంత వరకే అడగాలి, అది కూడా మూడేళ్ళకు మించకూడదు. మీ విషయంలో అది సుమారు ఏడాదిన్నర అద్దె. దాన్ని కూడా తాకట్టు లేని అప్పులవాళ్ళ వరుసలో నిలబడి అడగాలి. ఆ వరుసలో డాలరుకు పది సెంట్లు చేతికందినవారు అదృష్టవంతులు.

అద్దె సంగతికి వద్దాం. లీజు సారాంశంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం చివరి పేజీలో ఉంది. పదేళ్ళ కిందట ఈ భవనాన్ని అమ్మింది ఈ ఫ్రాంచైజీ కంపెనీయే. అమ్మిన రోజునే తిరిగి లీజుకు తీసుకుంది. చేతికి డబ్బు కావాల్సిన కంపెనీ ఇలా అమ్మేటప్పుడు అద్దె ఎంత ఎక్కువ రాస్తే భవనానికి అంత ఎక్కువ ధర వస్తుంది. కొనేవారు చూసేది అద్దెను ధరతో భాగించిన శాతమే కదా, దాన్నే ఇక్కడ క్యాప్ రేటు అంటారు. మీ బేరంలో అది 6.25. ఆ అద్దె ఆ చోటుకు తగినదా కాదా అన్నది ఈ శాతంలో ఎక్కడా కనబడదు. రెడ్ లాబ్‌స్టర్ కథ ఇదే. 2014లో ఆ చైన్‌ను గోల్డెన్ గేట్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ 210 కోట్ల డాలర్లకు కొని, సుమారు 500 రెస్టారెంట్ల స్థిరాస్తిని 150 కోట్లకు మరో సంస్థకు అమ్మేసింది. అప్పటిదాకా సొంత గూటిలో ఉన్న రెస్టారెంట్లు ఆ రోజు నుంచి అద్దె ఇళ్ళలో పడ్డాయి. 2024 మే నెలలో రెడ్ లాబ్‌స్టర్ దివాలా రక్షణ కోరినప్పుడు, అపరిమిత రొయ్యల భోజనం వల్ల మునిగిందని అందరూ చెప్పుకున్నారు. దానివల్ల నష్టం వచ్చిన మాట నిజమే. కానీ తమ లీజుల్లో చాలా వాటి అద్దె మార్కెట్ కంటే ఎక్కువగా ఉందని ఆ సంస్థే కోర్టు పత్రాల్లో చెప్పుకుంది.

మీ భవనం 2,800 చదరపు అడుగులు. లక్షా 50 వేలను దాంతో భాగిస్తే చదరపు అడుగుకు ఏడాదికి 53 డాలర్ల పైన పడుతుంది. మీరు చెప్పిన పరిమాణంలోని పట్టణంలో ఈ అద్దె నాకు నమ్మశక్యంగా లేదు. ఆ ఊళ్ళోనే అద్దెలు చూసే ఇద్దరు బ్రోకర్లకు ఫోను చేసి, ఈ రెస్టారెంటు ఖాళీ అయితే ఎంతకు అద్దెకివ్వగలరని అడగండి. మీకు అమ్ముతున్న బ్రోకరును అడగవద్దు. చదరపు అడుగుకు 25 డాలర్లు అన్నారనుకోండి, అద్దె 70 వేలకు దిగుతుంది. చిన్న లీజున్న పాత భవనాన్ని 8 శాతం క్యాప్ రేటుకు కొంటారనుకున్నా దాని విలువ 8 లక్షల 75 వేలు. పదేళ్ళ తరువాత మీరు బ్యాంకుకు కట్టాల్సిన 11 లక్షల 71 వేల పక్కన ఈ అంకె రాసుకుని, మీవారికి చూపించండి.

అద్దె తగినదో కాదో తెలుసుకోవడానికి ఇంకో దారి ఆ రెస్టారెంటు అమ్మకాలు. అమ్మకాల్లో అద్దె 8 శాతం లోపు ఉంటే వ్యాపారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు, 10 శాతం దాటితే కష్టపడతాడు. ఇది ఈ రంగంలో అందరూ వాడే కొలత. ఆ దుకాణం ఏడాదికి 20 లక్షల డాలర్ల వ్యాపారం చేస్తుంటే మీ అద్దె 7.5 శాతం, భయం లేదు. 14 లక్షలే చేస్తుంటే దాదాపు 11 శాతం. అలాంటి దుకాణం లీజు ముగిసే రోజు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అమ్మకాల లెక్కలు ఇవ్వాలన్న షరతు మీ లీజులో ఉందో లేదో సారాంశంలో కనబడలేదు, పూర్తి లీజు తెప్పించుకుని చూడండి. ఒక శుక్రవారం రాత్రి, ఒక మంగళవారం మధ్యాహ్నం మీరిద్దరూ అక్కడికి వెళ్ళి, కారులో కూర్చుని డ్రైవ్ త్రూ వరుసలో ఎన్ని బళ్ళు వస్తున్నాయో లెక్కపెట్టండి. 24 లక్షల ఆస్తి కోసం ఆరు గంటల ప్రయాణం పెద్దదేమీ కాదు.

ఖాళీ అయిన రెస్టారెంటు ఎలా ఉంటుందో కూడా మీకు చెప్పాలి. కాగితాల మీద అది ఎక్కడా కనబడదు. కొన్నేళ్ళ కిందట నాకు బాగా తెలిసిన ఒకాయన భవనం ఇలాగే ఖాళీ అయితే, ఆయనతో కలిసి చూడటానికి వెళ్ళాను. గోడ మీద బోర్డు అక్షరాలు పీకేసినా, ఎండకు వెలవని చోట వాటి నీడలు అలాగే ఉన్నాయి, పేరు చదవగలిగేంత స్పష్టంగా. తలుపు తీయగానే పాత నూనె వాసన గొంతుకు పట్టుకుంది. వేపుడు పొయ్యిలన్నీ పట్టుకుపోయారు, అవి అద్దెకున్నవారి సొత్తు. గ్యాసు గొట్టాలు నేలలోంచి ఖాళీగా పైకి లేచి ఉన్నాయి. వెనకవైపు వంటగది జిడ్డును పట్టి ఉంచే గ్రీజు ట్రాప్ నిండి, మూత అంచుల నుంచి నల్లగా కారుతోంది. మిద్దె మీద ఏసీ యంత్రాలను ఎవరో విప్పేసి రాగి తీగ ఎత్తుకుపోయారు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి ఫోను తీసి, బ్యాంకు వాయిదా తేదీ ఎప్పుడని భార్యను అడిగారు.

మీ భవనం అలా ఖాళీ అయితే నెలకు ఎంతవుతుందో వేసి చూశాను. బ్యాంకు వాయిదా 10,364 డాలర్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కానీ, ఆ లోటంతా ఆస్తి పన్నులో కనబడుతుంది. కౌంటీ వారు 20 లక్షలకు విలువ కట్టి 2 శాతం వేసినా నెలకు 3,300 పైన. వడగళ్ళ ప్రాంతంలో ఖాళీ భవనానికి బీమా తేలిగ్గా దొరకదు, దొరికినా ఖరీదు ఎక్కువ. కాపలా, కరెంటు, గడ్డి కోయించడం కలిపితే నెలకు 15 వేలు పెట్టుకోవాల్సిందే. నిన్నటిదాకా అద్దెకున్నవారు భరించిన ఆ మూడు ఖర్చులూ లీజు పోయిన రోజే మీ నెత్తిన పడతాయి.

ఇంత ప్రమాదానికి ప్రతిఫలం ఎంత? లక్షా 50 వేల అద్దెలోంచి ఏడాది వాయిదాలు లక్షా 24 వేలు తీసేస్తే మీకు మిగిలేది 25,600. మీరు పెట్టే 9 లక్షల మీద అది 3 శాతం కూడా కాదు. క్యాప్ రేటు 6.25 ఉన్న ఆస్తిని 6.75 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొంటే ఇంతకంటే ఎక్కువ ఎలా వస్తుంది? అమెరికా ప్రభుత్వ బాండ్లే ఈ మధ్య సుమారు 4 శాతం ఇస్తున్నాయి. మొదటి ఏడాది దాదాపు 24 వేల అసలు తీరుతుంది, అదీ మీదే. భవనం విలువను 39 ఏళ్ళకు పంచి తరుగుదల చూపించవచ్చు కాబట్టి, ఆ అద్దె మీద మొదట్లో పన్ను పెద్దగా పడదు, అదీ నిజమే. కానీ అలా తగ్గించుకున్న తరుగుదల మీద అమ్మేటప్పుడు 25 శాతం దాకా పన్ను వేస్తారు. ఆరో ఏట అద్దె పెరిగాక చేతికొచ్చేది నాలుగున్నర శాతం అవుతుంది. అప్పటికి లీజులో మిగిలేది అయిదేళ్ళే. ఆ తరువాత మరో అయిదేళ్ళు పొడిగించుకునే హక్కు వారికుంది కదా అని బ్రోకరు అంటారు. ఆ హక్కు వారిది, మీది కాదు. బ్యాంకు దాన్ని లీజుగా లెక్కపెట్టదు.

ఇక శంకర్‌పల్లి స్థలం. మీవారి స్నేహితుడు చెప్పింది పొరపాటు. 1031 అంటే అమెరికా పన్ను చట్టంలో ఒక సెక్షన్. పెట్టుబడి ఆస్తి అమ్మి, 45 రోజుల్లో కొత్త ఆస్తిని ఎంచుకుని, 180 రోజుల్లో కొంటే లాభం మీద పన్ను వాయిదా వేసుకోనిస్తుంది. అయితే అమెరికాలోని ఆస్తికీ బయటి దేశాల్లోని ఆస్తికీ మార్పిడి చెల్లదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. శంకర్‌పల్లిలో అమ్మి టెక్సస్‌లో కొంటే అది వర్తించదు. భారత్‌లో దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలి, సర్‌ఛార్జి, సెస్సు అదనం. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తికి ద్రవ్యోల్బణం లెక్క చూపి 20 శాతం ఎంచుకునే వెసులుబాటు అక్కడ నివాసం ఉన్నవారికే ఇచ్చారు, ప్రవాసులకు లేదు. కొనేవారు మీకు చెల్లించేటప్పుడే పన్ను మినహాయించుకుంటారు, ముందుగా ధ్రువపత్రం తెచ్చుకోకపోతే ఎక్కువే పట్టుకుంటారు. ఆ డబ్బు అమెరికాకు తేవాలంటే తరువాత ఎన్ఆర్‌వో ఖాతా (ప్రవాసులు భారత్‌లో వచ్చిన డబ్బు జమ చేసుకునే బ్యాంకు ఖాతా), చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ధ్రువపత్రం, మీరు నింపే ఫారం కావాలి. ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు, మీ మొత్తానికి ఆ పరిమితి అడ్డు కాదు. అమెరికాలోనూ ఈ లాభాన్ని చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు ఇస్తారు. ఇక్కడ లాభాన్ని డాలర్లలో లెక్కిస్తారు కాబట్టి, కొన్నప్పటి మారకపు రేటుకు, అమ్మినప్పటి రేటుకు మధ్య రూపాయి పడిపోయినంత మేరా మీ లాభం తగ్గుతుంది. కొన్న దస్తావేజు, అప్పుడు డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు వెతికి పెట్టుకోండి. ఇదంతా నెలల పని. ఇంకా 21 రోజులు మిగిలిన బేరానికి ఆ స్థలాన్ని తెగనమ్మితే, కొనేవాడు మీ తొందరను కనిపెట్టి ధర తగ్గిస్తాడు.

అద్దెల మీద బతకాలన్న మీ ఆలోచనను నేను తప్పుపట్టడం లేదు. అలా హాయిగా ఉన్నవారిని చూశాను. వారిలో ఎక్కువమంది చిన్నవి కొన్నారు, అప్పు సగానికి మించనివ్వలేదు, బ్రాండు అసలు సంస్థే సంతకం పెట్టిన లీజులు ఏరుకున్నారు, లీజు గడువు అప్పు గడువు కంటే కనీసం అయిదేళ్ళు ఎక్కువ ఉండేలా చూసుకున్నారు. రెస్టారెంటు పోయినా దంతవైద్యుడో బ్యాంకు శాఖో వచ్చి చేరే రద్దీ కూడలిలో స్థలం చూసుకున్నారు. మెక్‌డొనాల్డ్స్ లాంటి వాటి కింద నేలను మాత్రమే అద్దెకిచ్చే లీజులూ ఉంటాయి. వాటిలో రాబడి తక్కువ, నేలకు తరుగుదల లేదు, కానీ నిద్ర పడుతుంది. మీ పొదుపులోని నాలుగున్నర లక్షలతో ఇప్పుడే ఏదో ఒకటి చేయాలనిపిస్తే, రియల్టీ ఇన్‌కమ్ గానీ, ఆలివ్ గార్డెన్ భవనాలతో 2015లో డార్డెన్ నుంచి విడివడిన ఫోర్ కార్నర్స్ గానీ, అలాంటి సంస్థల షేర్లలో కొంత భాగం పెట్టి చూడండి. వందల భవనాల్లో ఒకటి ఖాళీ అయితే మీకు తెలియను కూడా తెలియదు. వాటి ధరలు స్టాక్ మార్కెట్‌తో పాటు ఊగుతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి. మీవారికి ఇటుకలు, సిమెంటు కళ్ళతో చూస్తే తప్ప తృప్తి ఉండకపోవచ్చు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, మా నాన్నగారూ అంతే.

ముందు బయానా సంగతి చూడండి. మీ కొనుగోలు ఒప్పందంలో పరిశీలన గడువు గురించిన పేరా తీసి, అది 30వ రోజు ఎన్ని గంటలకు ముగుస్తుందో, రద్దు నోటీసు ఎవరికి, ఏ పద్ధతిలో పంపాలో చదవండి. కొన్ని ఒప్పందాల్లో ఈమెయిలు చాలదు, కొరియరులో చేరాలి. బ్రోకరుకు నోటిమాటగా చెబితే అది నోటీసు కాదు. ఈ వారమే వాణిజ్య స్థిరాస్తి వ్యవహారాలు చూసే న్యాయవాదిని పెట్టుకుని పూర్తి లీజు చదివించండి. అమ్మకాల లెక్కలు, కంపెనీ పద్దులు, లీజు షరతులన్నీ నిజమని అద్దెకున్నవారు సంతకం చేసే ఎస్టాపెల్ పత్రం, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ఇరవయ్యో రోజుకు అవి రాకపోతే, వచ్చినా అమ్మేవారు ధరను 18 లక్షల దరిదాపులకు దింపకపోతే, ఇరవై అయిదో రోజున నోటీసు పంపేసి, బయానా డబ్బు దాచి ఉంచిన టైటిల్ కంపెనీ నుంచి మీ 50 వేలు వెనక్కి తెప్పించుకోండి.